నాలుగు ముఖాలు, రెండు నవ్వులు

గోగులపేట పురపాలక సంఘం నవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజున, మునిసిపల్ హైస్కూలు డ్రాయింగు టీచరు మాణిక్యం ఏడో తరగతి పిల్లల చేత మందారపువ్వు వేయిస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె వేయిస్తున్నది మందారపువ్వే. సిలబస్‌లో కుండ, మామిడికాయ కూడా ఉన్నాయి గాని, వారానికి ఒక్క పీరియడు, అందులో సగం లెక్కల మాస్టారు లాక్కుంటాడు. మిగిలిన సగంలో పువ్వు పూర్తయితే అదే పదివేలు. తన సొంత బొమ్మ ఒక్కటైనా పదిమందీ చూసేచోట వెయ్యాలని ఆమెకు పాతికేళ్ళప్పుడు ఉండేది. ఇప్పుడు యాభై నాలుగు. ఆ కోరిక ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తు లేదు.

కమిషనర్ గారు రమ్మంటున్నారని కబురొస్తే, చేతికంటిన సుద్దముక్క పొడి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళింది.

కమిషనర్ త్రివిక్రమరావు బల్ల మీద సర్క్యులర్ పరిచి ఉంది. సీనియర్ అసిస్టెంట్ లింగమూర్తి పక్కనే నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో లింగమూర్తి చదవని సర్క్యులర్ లేదు, నమ్మిన సర్క్యులర్ కూడా లేదు.

"సుహాస పట్టణ పథకం," అన్నాడు కమిషనర్, అదేదో ఇంట్లో పెళ్ళయినంత గంభీరంగా. "లింగమూర్తీ, చదువు."

లింగమూర్తి కళ్ళజోడు సవరించుకున్నాడు. "పట్టణ ప్రజానీకమునందు ఉల్లాసమును పెంపొందించు నిమిత్తము, ప్రతి పురపాలక సంఘమువారు జనసమ్మర్దము గల కూడలిలో ప్రపంచ ప్రఖ్యాత ప్రాచీన చిత్రమొకదానిని పాప్ ఆర్టు పద్ధతిలో గోడపై చిత్రింపజేయవలెను. చిత్రమునందలి వ్యక్తి నవ్వుచుండవలెను. నవ్వుచున్నట్లు కమిషనర్ స్వయముగా ధ్రువీకరించవలెను. సిబ్బంది యావన్మందియు తదనుగుణముగా ప్రజలతో నవ్వుచు మెలగవలెను."

"పాపార్టు అంటే పాప బొమ్మ కదా," అన్నాడు కమిషనర్. "ఒక పాపను వేసేయండి. బోసినవ్వు. పని అయిపోతుంది."

"పాప కాదండి, పాప్," అంది మాణిక్యం. "పెద్ద పెద్ద మేడల్లో వేలాడే బొమ్మను తెచ్చి, అగ్గిపెట్టె మీద బొమ్మలాగా ముదురు రంగుల్లో వెయ్యడమండి. అదే మొహం మళ్ళీ మళ్ళీ వేస్తారు. నాలుగు సార్లో, ఎనిమిది సార్లో."

"ఒకసారి వేస్తే సరిపోదా?"

"సరిపోదండి. ఒకసారి వేస్తే అది మామూలు బొమ్మ."

కమిషనర్ లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి సర్క్యులర్ వైపు చూశాడు. సర్క్యులర్‌లో సంఖ్య గురించి ఏమీ లేదు. "నాలుగుకు మించకుండా," అని ఆఫీసు నోటు రాశారు.

గోడ బస్టాండు ఎదురుగా, మంచినీళ్ళ ట్యాంకు ప్రహరీ. నిచ్చెన పట్టుకోవడానికి పారిశుధ్య విభాగం నుంచి పైడమ్మను పంపారు. పైడమ్మకు నలభై ఏడేళ్ళు, కాలవలు తియ్యడంలో ఆమెను మించినవాళ్ళు ఊళ్ళో లేరు. నవ్విందంటే బస్సు హారను వినపడదు.

మాణిక్యం ఎంచుకున్నది అయిదు వందల ఏళ్ళనాటి ఇటలీ బొమ్మ. చేతి మీద చెయ్యి వేసుకుని కూర్చుని, నవ్వీ నవ్వనట్టుండే ఆవిడ బొమ్మ. పెద్ద అట్ట కోసి అచ్చు తయారు చేసుకుని, గోడను నాలుగు గళ్ళు చేసి, నాలుగు గళ్ళలోనూ ఆవిడనే దింపింది. ఒక గడిలో గులాబీ ముఖం, ఆకుపచ్చ జుట్టు. ఒక గడిలో పసుపు ముఖం, వంకాయరంగు జుట్టు. మూడోది నీలం, నాలుగోది నారింజ. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు హుషారు పుట్టింది. మొదటావిడ చేతిలో గోలీసోడా పెట్టింది. రెండో ఆవిడకు స్టీలు క్యారేజీ. మూడో ఆవిడకు మడిచిన గొడుగు. నాలుగో ఆవిడకు ములక్కాడల కట్ట.

పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆమెకు అన్నం తిన్నది గుర్తులేదు, వీపు నొప్పి గుర్తులేదు. బస్సులు దిగినవాళ్ళు ఆగి చూస్తుంటే, చెమట తుడుచుకుంటున్నట్టు నటించి వాళ్ళ మొహాలు చూసేది.

"ఎవరండీ ఈవిడ?" అని అడిగింది పైడమ్మ.

"ఇటలీ ఆవిడ. ఎప్పుడో పోయింది."

"ఎందుకు నవ్వుతుందండీ?"

"నవ్వుతోందంటావా?"

పైడమ్మ నిచ్చెన వదలకుండా తల వెనక్కి వాల్చి చూసింది. "ఇక్కణ్ణించి చూస్తే నవ్వుతుందండి. టీ కొట్టు కాడ నించి చూస్తే మానేస్తుందండి. మా అత్త కూడా అంతేనండి, కనిపెట్టలేం."

పన్నెండో రోజున కమిషనర్ ధ్రువీకరణ పత్రం చేత్తో పట్టుకుని వచ్చాడు. గోడకు ఎడమవైపు నిలబడి చూశాడు. తృప్తిగా తల పంకించి, కలం మూత తీశాడు. సంతకం పెట్టడానికి నీడకోసం కుడివైపుకు జరిగి మళ్ళీ ఒకసారి చూశాడు. కలం మూత పెట్టేశాడు.

"టీచర్ గారూ, ఈవిడ నవ్వు ఆపేసిందేమిటి?"

"ఆపలేదండి. అంతేనండి ఆ బొమ్మ. అందులోనే ఉందండి గొప్పతనం."

"గొప్పతనం ఆవిడది, సంతకం నాది," అన్నాడు కమిషనర్. మళ్ళీ ఎడమవైపుకు వెళ్ళాడు. నవ్వింది. కుడివైపుకు వచ్చాడు. మానేసింది. ఇలా ఆరుసార్లు తిరిగేసరికి బస్టాండులో జనం బొమ్మను వదిలేసి ఆయన్ను చూడడం మొదలుపెట్టారు. ఆయన పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పైనుంచి వచ్చి నవ్వడం లేదంటే బాధ్యులెవరు? దీన్ని నిపుణుల దృష్టికి తీసుకెళ్ళాలి."

ఆ సాయంత్రానికే నవ్వు నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. సభ్యులు ఇద్దరు. నోటికి సంబంధించిన విషయం గనుక మునిసిపల్ ఆసుపత్రి పళ్ళ డాక్టర్ ఫణీంద్ర. వంపుకు సంబంధించిన విషయం గనుక టౌన్ సర్వేయర్ బుల్లెయ్య.

పళ్ళ డాక్టరు నిచ్చెనెక్కి, అలవాటు కొద్దీ చిన్న అద్దం తీసి, నాలుగు నోళ్ళూ దగ్గరగా చూసి దిగాడు. "పేషెంటు నోరు తెరవలేదు," అని రాశాడు. "నోరు తెరవని పక్షంలో నవ్వుపై అభిప్రాయం చెప్పలేను. పుప్పి కూడా లేదని చెప్పలేను."

బుల్లెయ్య మాత్రం పనిమంతుడు. ఊళ్ళో ప్రతి గట్టు తగాదాలోనూ గొలుసు పట్టినవాడు. రోడ్డు మధ్య మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణీ బిగించి, బస్సులు ఆపించి, పెదవుల కొసలు కొలిచాడు. రెండు రోజుల తర్వాత నివేదిక ఇచ్చాడు. "ఎడమ కొస మట్టానికి రెండంగుళాలు పైకి ఉన్నది. కుడి కొస మట్టముననే ఉన్నది. కావున ఎడమ భాగమున నవ్వు ఉన్నది, కుడి భాగమున లేదు. ముఖమునకు అర నవ్వు చొప్పున నాలుగు ముఖములకు వెరసి రెండు నవ్వులు."

కమిషనర్ ఆ కాగితం మీద వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. "ముఖాలు నాలుగు, నవ్వులు రెండు. తక్కిన రెండు నవ్వులు ఏమైనట్టు?"

"మొదటి నుంచీ లేవండి," అన్నాడు బుల్లెయ్య.

మర్నాడు మాణిక్యానికి మెమో వచ్చింది. "తమరు చిత్రించిన నాలుగు ముఖములయందు నవ్వు సగమునకు సగము లోటుగా ఉన్నట్లు నిర్ధారణ అయినది. మూడు దినములలోగా ముఖమునకు ముప్పది రెండు చొప్పున నూట ఇరవై ఎనిమిది పళ్ళు కనబడునట్లు సవరించవలెను. లేనియెడల గోడకు సున్నము వేయించబడును."

ఆమె తెల్లరంగు డబ్బా, సన్నకుంచె తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. నిచ్చెనెక్కింది. గులాబీ ముఖం ఎదుట కుంచె ఎత్తి పట్టుకుంది. పైనుంచి చుక్క రంగు కారి పైడమ్మ భుజం మీద పడింది. మాణిక్యం చెయ్యి కదల్లేదు.

"వేసెయ్యండి టీచరమ్మగోరూ. పళ్ళే కదండీ," అంది పైడమ్మ.

"పళ్ళు వేస్తే ఈవిడ ఈవిడ కాదే. పేస్టు ప్రకటన అవుతుంది."

"అయితే దిగిపోండి. నాకూ చేతులు లాగుతున్నాయి."

మాణిక్యం దిగి, నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది. ఏడవకూడదనుకుంది గాని కళ్ళు నిండాయి. పదకొండు రోజులు, అంతే. ఇరవై తొమ్మిదేళ్ళకు పదకొండు రోజులు.

టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని లింగమూర్తి ఇదంతా చూస్తున్నాడు. మెల్లగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "టీచర్ గారూ, నవ్వుచుండవలెను అని సర్క్యులర్‌లో ఉంది. నవ్వు అంటే ఏమిటో ఉందా?"

"నాకేం తెలుసండీ."

"లేదు. నేను అనుబంధాలతో సహా చూశాను. నిర్వచనం ఇవ్వని చోట స్థానిక అధికారి నిర్వచించుకోవచ్చని పదేళ్ళ కిందటి ఉత్తర్వు ఒకటుంది, అది చెత్తబుట్టల గురించి. నవ్వుకు వర్తించదని అందులో ఎక్కడా లేదు." ఆయన టీ తాగేసి గ్లాసు కడిగించి ఇచ్చేశాడు. "బొమ్మను నవ్వుకు సరిపడేలా మార్చడం ఎందుకు? నవ్వునే బొమ్మకు సరిపడేలా మారిస్తే పోతుంది."

ఆ నోటు మధ్యాహ్నానికి కమిషనర్ బల్ల మీద ఉంది. "ఈ పట్టణ పరిధిలో నవ్వు అనగా బస్టాండు గోడపై చిత్రింపబడిన విధమైనది. అట్లు లేనిది నవ్వుగా పరిగణింపబడదు." కమిషనర్ రెండుసార్లు చదివి, నవ్వుచున్నదన్న ధ్రువీకరణ పత్రం మీద హాయిగా సంతకం చేశాడు. మాణిక్యం లింగమూర్తికి రెండు చేతులూ జోడించింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర బాగా పట్టింది.

ఇబ్బంది రెండో రోజున మొదలైంది. సర్క్యులర్ ఆఖరి వాక్యం కమిషనర్‌కు గుర్తొచ్చింది. సిబ్బంది యావన్మందీ నవ్వాలి. నవ్వంటే ఏమిటో ఇప్పుడు ఉత్తర్వు ఉంది. కాబట్టి అందరూ ఆ ఉత్తర్వు ప్రకారమే నవ్వాలి.

హాజరు పట్టీ దగ్గర బుల్లెయ్య కోణమానిని పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు మూసి ఉండాలి. ఎడమ కొస లేవాలి. కుడి కొస కదలకూడదు. గోడ మీద ముఖానికీ మనిషి ముఖానికీ ఉన్న నిష్పత్తి కట్టి, రెండంగుళాలను ఎనిమిదో వంతు అంగుళంగా ఖరారు చేశాడు. సంతకానికి ముందు ప్రతి ఒక్కరూ నవ్వి చూపించాలి. కొసలు తారుమారైనవాళ్ళను వెనక్కి పంపి మళ్ళీ వరసలో నిలబెట్టేవారు.

తర్వాత ఎవరో చేతుల సంగతి లేవదీశారు. బొమ్మలో చేతి మీద చెయ్యి ఉంది. అది నవ్వులో భాగమా కాదా? ఉపసంఘం కూర్చుని భాగమేనని తేల్చింది. చేతిలో వస్తువు మాటేమిటి? నాలుగు గళ్ళలో నాలుగున్నాయి. విభాగాల వారీగా పంచారు. ఆరోగ్య విభాగానికి గోలీసోడా, రెవెన్యూకు క్యారేజీ, ఇంజనీరింగుకు గొడుగు, టౌన్ ప్లానింగుకు ములక్కాడలు. కమిషనర్ మాత్రం మొదటి గడి ప్రథమ స్థానం గనుక గోలీసోడా పుచ్చుకున్నాడు. ముఖాల రంగు సంగతి తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా పడింది.

రెండు చేతులూ వస్తువు మీద ఉండడంతో కలం పట్టేవాళ్ళు లేకపోయారు. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన ఒక పెద్దమనిషి, కిటికీలోంచి క్యారేజీ పట్టుకుని తనవైపే ఓరగా నవ్వుతున్న గుమాస్తాను చూసి, "బాబూ, మా నాన్న నిజంగానే పోయాడండీ," అన్నాడు. గుమాస్తా నోరు తెరవకూడదు గనుక ఏమీ అనలేదు. పెద్దమనిషి ఇంటికెళ్ళిపోయి, ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కుళాయి నీళ్ళు రావడం లేదని పోట్లాడదామని వచ్చిన ఆడవాళ్ళు, ములక్కాడల మీదుగా ఆ నవ్వులు చూసి, మనకేదో తెలియని సంగతి వీళ్ళకు తెలిసినట్టుందని అనుమానపడి వెనక్కి తిరిగారు. ఫిర్యాదులు సగానికి తగ్గాయి. కమిషనర్ ఆ సంగతి ప్రత్యేకంగా పైకి రాశాడు.

ఒక మధ్యాహ్నం పైడమ్మ స్కూలుకొచ్చి, తరగతి గుమ్మంలో నిలబడింది. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"కాస్త చదివి పెడతారేంటండీ."

మాణిక్యం చదివింది. పాత సంత వీధి కాలవలో పని చేయుచుండగా పైడమ్మ అనునామె పళ్ళు కనబడునట్లు, శబ్దముతో, అధికముగా నవ్వినదనియు, అది నిర్వచనమునకు విరుద్ధమనియు, వారములోగా సంజాయిషీ ఇవ్వనిచో పనినుండి తొలగింపబడుననియు అందులో ఉంది.

"నవ్వావా?"

"ఆయ్. కాలవలో నించి చెప్పు ఒకటొచ్చిందండి. పోయిన వారం మా మేస్త్రి పోగొట్టుకున్నదేనండి. ఊరంతా వెతికాడండి, ఆఖరికి తన వార్డులోనే దొరికింది. నవ్వొచ్చింది." పైడమ్మ కాగితం వెనక్కి తీసుకుని మడిచింది. "మూతి మూసుకుని నవ్వడం నాకు చాతకాదండి. అద్దంలో చూసి చేశాను. ఏడుపొచ్చింది."

మాణిక్యం ఆ రోజు ఇంటికి వెళ్తూ గోడ ముందు ఆగింది. నలుగురు ఇటలీ ఆడవాళ్ళూ ఎప్పటిలాగే ఉన్నారు. పళ్ళు వేసేసి ఉంటే పైడమ్మకు ఈ కాగితం వచ్చేది కాదు. మొదటిసారి ఆమెకు తన బొమ్మ మీద కోపం వచ్చింది, ఆ కోపం రాగానే సిగ్గూ వచ్చింది. ఆ వారంలోనే పైనుంచి తనిఖీకి వస్తారని కబురుంది, వాళ్ళతో తానే మాట్లాడాలనుకుంది.

తనిఖీకి ప్రాంతీయ సంచాలకురాలు దమయంతీదేవి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి నడక. కారు దిగేసరికి బస్టాండు ఎదుట సిబ్బంది రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. సోడాలు, క్యారేజీలు, గొడుగులు, ములక్కాడలు. నూట పద్నాలుగు మంది. ఒక్క పన్ను కూడా కనబడలేదు. అందరి ఎడమ కొసలూ ఎనిమిదో వంతు అంగుళం లేచి ఉన్నాయి.

దమయంతీదేవి వరస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చింది. "ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగింది.

"మ్మ్," అన్నాడు కమిషనర్ పెదవులు విప్పకుండా.

"అయ్యో. ఎవరు?"

కమిషనర్ లేదన్నట్టు తల ఊపాడు. లింగమూర్తి ముందుకొచ్చి నిర్వచనం నోటు అందించాడు. ఆవిడ నిలబడే చదివింది. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు చూసింది. "ఎవరు వేశారిది?"

మాణిక్యం ముందుకు వచ్చింది.

"ఈవిడ నవ్వుతోందా, లేదా? మీరు చెప్పండి."

"తెలియదండి," అంది మాణిక్యం. "వేస్తున్నంతసేపూ నాకూ తెలియలేదు. ఒక పూట నవ్వినట్టుండేది, ఒక పూట లేదు. తెలిసుంటే వేసేదాన్ని కాదేమోనండి. కానీ మేడమ్, ఈ బొమ్మను చూపించి ఒక మనిషిని నవ్వకూడదంటున్నారండి. పైడమ్మని, నాకు పదకొండు రోజులు నిచ్చెన పట్టుకున్న మనిషి. నవ్విందని ఆమెను తీసేస్తున్నారు."

కమిషనర్‌కు కంగారు పుట్టింది. కంగారులో బొటనవేలు బిగుసుకుంది. బొటనవేలి కింద గోలీ ఉంది. సోడా కీచుమని అరిచి, నురగంతా ఆయన కళ్ళజోడు మీదకీ చొక్కా మీదకీ చిమ్మింది. ఉత్తర్వు ప్రకారం చేతి మీది చెయ్యి తియ్యకూడదు గనుక ఆయన తుడుచుకోలేదు. నురగ కారుతూ, ఎడమ కొస లేపి, అలాగే నిలబడ్డాడు.

వరస చివర నుంచి పైడమ్మ నవ్వు బయల్దేరింది. దాని వెనకే ఇంకో నవ్వు, సన్నగా మొదలై పెద్దదైంది. అది దమయంతీదేవిది. ఆవిడ పొట్ట పట్టుకుని, కారుకు ఆనుకుని, పై వరస పళ్ళూ కింది వరస పళ్ళూ కనబడేలా నవ్వింది.

బుల్లెయ్యకు ఆ నెల్లాళ్ళలో చెయ్యి అలవాటు పడిపోయింది. ఎవరి నోరని చూసుకోకుండా ముందుకొచ్చి, కోణమానిని ఎత్తి పట్టి, "అధికం," అన్నాడు.

బస్టాండులో కండక్టర్లు కూడా బస్సులు దిగి దగ్గరికొచ్చారు.

"నాకు మెమో ఇస్తారా?" అంది దమయంతీదేవి కళ్ళు తుడుచుకుంటూ.

లింగమూర్తి దగ్గాడు. "నిర్వచనం ప్రకారం ఇవ్వాలండి, మేడమ్. ఇవ్వని పక్షంలో, అదే పట్టణంలో అదే విధంగా నవ్విన పైడమ్మకు ఒక న్యాయం, తమరికి ఒక న్యాయం అవుతుంది. అప్పుడు పైడమ్మ మెమో కూడా నిలబడదండి."

"అయితే నిలబడదు," అంది ఆవిడ. పైడమ్మ చేతిలో కాగితం అడిగి తీసుకుని, అక్కడికక్కడే రద్దు అని రాసి సంతకం చేసింది.

వెళ్ళిపోయాక దమయంతీదేవి నివేదిక పంపింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "డ్రాయింగు టీచరు చెప్పిన మాట ప్రతి కమిషనరూ వినదగినది." రాజధానిలో ఆ వాక్యం ఏడు బల్లలు దాటింది. ఏడో బల్ల నుంచి శిక్షణ తరగతుల షెడ్యూలుగా బయటికొచ్చింది. నివేదికకు జతచేసిన గోగులపేట నిర్వచనాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. నవ్వు ప్రమాణీకరణ మీద కమిషనర్లకు రెండు రోజుల శిక్షణ, బోధకురాలు మాణిక్యం.

శిక్షణ హాలులో అరవైమంది కమిషనర్లు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక కోణమానిని, ఒక గోలీసోడా పెట్టి ఉన్నాయి. ఆఖరి వరసలో పరిశీలకుడని ఒక ఉద్యోగి రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. శిక్షణలో నిర్వచనానికి విరుద్ధంగా ప్రవర్తించినవాళ్ళ పేర్లు రాసుకోవడం అతని పని.

మాణిక్యం వాళ్ళందర్నీ చూసింది. ఏం చెప్పాలో రాసుకొచ్చిన కాగితం చేతిలోనే ఉంది. దాన్ని మడిచి సంచిలో పెట్టేసి, సంచిలోంచి మైనపు రంగుల పెట్టెలు తీసింది. ఊళ్ళో తన తరగతి పిల్లలకని కొన్నవి.

"సోడాలు తాగేయండి," అంది. "కాగితాలు పంచుతాను. ఆ ఇటలీ ఆవిడ బొమ్మ మీరే వెయ్యండి."

"మాకు రాదండి," అన్నాడు ముందు వరసలో ఒక కమిషనర్. తక్కినవాళ్ళూ అదే అన్నారు.

"ఏడో తరగతిలో కూడా అందరూ అదే అంటారండి. వెయ్యండి."

హాలంతా సోడాలు కీచుమన్నాయి. తర్వాత కాగితాలు అందాయి. అరవై తలలు వంగాయి. నాలుక కొస బయటపెట్టి ఒకాయన గీస్తున్నాడు. ఒకాయన పక్కవాడి కాగితంలోకి తొంగి చూస్తే, పక్కవాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అరగంటకు రెండో వరసలో తలనెరిసిన కమిషనర్ ఒకాయన లేచి, కాగితం రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన గీసిన ఆవిడకు ఒక కన్ను చెవి దగ్గర, మరో కన్ను మెడ మీద ఉన్నాయి. మూతి ఎక్కడుందో తెలియలేదు.

"టీచర్ గారూ," అన్నాడు ఆయన వినయంగా, "పాసవుతానా?"

మాణిక్యం ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. ఆమె నవ్వింది, ఆయన నవ్వాడు, ఒకరి బొమ్మ ఒకరు లాక్కుని చూసుకుని అరవైమందీ నవ్వారు. కొందరికి కట్టుడు పళ్ళున్నాయి, అవీ కనబడ్డాయి.

ఆఖరి వరసలో పరిశీలకుడు గబగబా పేర్లు రాస్తున్నాడు. ఇంత వేగంగా అతనెప్పుడూ రాసి ఉండడు. మాణిక్యం వరసల మధ్య నుంచి నడిచి అతని దగ్గరికి వెళ్ళి, రిజిస్టరు మీద ఒక తెల్ల కాగితం, ఒక ఎర్ర రంగు ముక్క పెట్టింది.

"నేను డ్యూటీలో ఉన్నానండి," అన్నాడతను.

"వాళ్ళూ డ్యూటీలోనే ఉన్నారు."

అతను తలుపువైపు చూశాడు. ఎవరూ లేరు. రంగు ముక్క అటూ ఇటూ తిప్పి చూసి, ఒక గుండ్రం గీశాడు. అందులో రెండు చుక్కలు పెట్టాడు. మూతి దగ్గర ఆగిపోయి, చాలాసేపు ఆలోచించి, నొక్కి ఒక గీత లాగాడు. రంగు ముక్క విరిగింది. కాగితం చిరిగింది.

అతను తల ఎత్తకుండానే, "ఇంకో కాగితం ఉందాండీ?" అన్నాడు.